బియ్యం డబ్బా అమ్మ

తన గొంతు తనకే వెనక సీట్లో ఎవరిదో ఫోన్లో నుంచి వినిపించేసరికి యాదమ్మ నెత్తి మీది కొంగును ఇంకాస్త ముందుకు లాక్కుంది. "నా బిడ్డ ఫోన్ చేస్తది గద సారూ, గప్పుడు నేనేం చేస్తనంటే, ఫోన్ను బియ్యం డబ్బల పెట్టి మూతేస్త. మూతేసి దాని మీదనే కూసుంట. ఇగ మోగు, ఎంత మోగుతవో మోగు అంట." ఆ వెంటనే టింగుమని ఒక గంట, తబలా మీద రెండు దెబ్బలు, వెనక సీటాయన పకపకా నవ్వు. నవ్వు ఆగగానే మళ్ళీ మొదటికి తిప్పాడు. మళ్ళీ డబ్బా, మళ్ళీ మూత, మళ్ళీ నవ్వు. మిర్యాలగూడ బస్టాండులో ఎక్కినప్పటి నుంచి ఇదే వరస. డ్రైవర్ వెనక సీట్లో పెద్దమనిషి ఒకసారి వేశాడు, నడుమ ఎవరో పిల్లతల్లి పిల్లను ఊరుకోబెట్టడానికి వేసింది, పిల్ల ఊరుకుంది కూడా. ఈ పల్లెవెలుగు బస్సులో ఎంతమంది యాదమ్మలున్నారో యాదమ్మకే తెలియడం లేదు. కండక్టర్ వచ్చి ఏడికమ్మా అంటే నోరు తెరవడానికి భయమేసింది. కర్రీ పాయింట్‌లో నిలబడి "పప్పు అయిపోయింది, పచ్చిపులుసుంది, ఉంటే ఉండు, పోతే పో" అని రోడ్డు అవతలి దాకా కేకేసే మనిషి, ఆధార్ కార్డు అతని చేతిలో పెట్టి, జలుబు చేసినదానిలా గొంతు నొక్కి "కోదాడ" అంది. అతను ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ చింపిచ్చి ముందుకు పోయాడు. ముఖాన్ని కొంగు దాచేస్తుంది గానీ గొంతును దాచే బట్ట ఎవరూ నేయలేదు కదా.

చేతిలో ఫోన్ చెమటకు జారిపోతోంది. మళ్ళీ నొక్కింది. పూర్తిగా మోగి ఆగిపోయింది. లహరి ఎత్తడం లేదు. ఎత్తకపోవడం ఇన్నాళ్ళూ తన పని, మోగించడం లహరి పని. ఇవాళ పనులు తారుమారయ్యాయి. పొద్దున లేచినప్పటి నుంచి చేస్తూనే ఉంది. అల్లుడు శ్రీకాంత్‌కు చేస్తే స్విచాఫ్. మఠంపల్లి అవతల సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ ఎక్కితే ఫోన్లు గేటు దగ్గరే పెట్టిపోవాలట. వియ్యపురాలు సావిత్రమ్మ జగ్గయ్యపేటలో ఎవరిదో పెళ్ళికి పోయి రెండు రోజులైంది. అంటే ఇంట్లో లహరి, చంకలో పిల్లాడు, అంతే. పిల్లాడికింకా పాకడం రాలేదు. లహరికి నిద్ర రాదు. నిద్ర రాని మనిషి, ఏడ్చే పిల్లాడు, మూసిన తలుపు, టీవీలో అమ్మ. యాదమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. మూసుకుంటే ఇంకా బాగా కనిపించింది. తెరిచింది. బస్సు ఎవరి కోసమో ఆగింది, ఒక ముసలాయన మూటను ముందు పైకెక్కించి, తర్వాత తానెక్కి, తర్వాత కిందున్న మనిషితో మాట్లాడుతున్నాడు. ఏం మాట్లాడతావయ్యా, ఎక్కినంక కూడా! జర పోనియ్యండి అని అరవబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అసలు ఆ టీవీవాళ్ళు మిర్యాలగూడకు రావడమే ఒక విచిత్రం. దామోదర్ సారుకు మూతపడ్డ రైస్ మిల్లు ఒకటుంది, దాని ఆఫీసు గదిని కడిగి, రంగులేసి, "డాక్టర్ జవహర్, మనసు వైద్యులు" అని బోర్డు పెట్టారు. కథలో, హైదరాబాద్‌లో ఎవరూ రాక ఆస్పత్రి మూసుకున్న డాక్టర్ మిర్యాలగూడకొచ్చి గది కిరాయికి తీసుకుంటాడట. ఊళ్ళోవాళ్ళు మొదట పన్ను నొప్పికి, మోకాలి నొప్పికి వస్తారట. వచ్చినవాళ్ళు మెల్లగా ఇంట్లో గొడవలు చెప్పుకుంటారట. వారానికో మనిషి, బోలెడు నవ్వు, చివర్లో కాసిని కన్నీళ్ళు. "చెప్తే వింటా" దాని పేరు. వాళ్ళందరికీ మధ్యాహ్నం అన్నం యాదమ్మ కర్రీ పాయింట్ నుంచే పోయేది. తానే ఆటోలో గిన్నెలేసుకొని పోయి వడ్డించేది. వడ్డిస్తూ నోరూరుకోదు కదా, లైట్లు పట్టుకునేవాణ్ణి, గొడుగు పట్టుకునేవాణ్ణి అందరినీ ఏదో ఒకటి అంటుంది, వాళ్ళు పొట్ట పట్టుకొని నవ్వుతారు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆమె నోట్లో నుంచి ఏది వచ్చినా నవ్వులాటే. మొగుడు మైసయ్య పోయిన రోజు "లేవయ్యా, చాయ్ చల్లారుతోంది" అని ఏడిస్తే ఏడ్వడానికొచ్చినవాళ్ళే కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఏం చేస్తుంది, ఏడుపు కూడా ఆ నోటి నుంచే రావాలె. డాక్టర్ వేషం వేసే పిలగాడు మాత్రం నవ్వేవాడు కాదు. సన్నగా ఉండేవాడు, తల వంచుకొని తినేవాడు. ఒకరోజు అందరూ తిని చేతులు కడుక్కున్నాక, గిన్నెలు సర్దుతుంటే వచ్చి, "నువ్వు తిన్నవా అమ్మా" అన్నాడు. అంతే. దారిలో ఎవరు కనిపించినా అడిగే మాటే. అన్నం పెట్టే మనిషిని మాత్రం ఎవరూ అడగరు, ఆమెకు గిన్నెలోనే ఆకలి తీరుతుందనుకుంటారో ఏమో.

ఆ వారం పేషెంటు వేషానికి హైదరాబాద్ నుంచి రావాల్సిన ఆమె రాలేదు. డైరెక్టర్ తల పట్టుకొని తిరిగి తిరిగి, "యాదమ్మా, నువ్వే కూర్చో" అన్నాడు. కాగితం మీద రాసినవి చదివి వినిపించారు, రెండు మాటలు కూడా నోటికి రాలేదు. "పోనియ్యమ్మా, నీ ఇంట్ల ముచ్చటే ఏదన్న చెప్పు, ఆయన అడుగుతడు, నువ్వు చెప్పు." కూర్చుంది. ఎదురుగా కుర్చీలో ఆ పిలగాడు. వేషగాడని తెలియదా? తెలుసు. పొద్దున గిన్నెలు దించుతూ అతని చొక్కా మీద పులుసు ఒలికిస్తే తన కొంగుతో తుడిచింది. అయినా ఆ బోర్డు కింద, ఆ కుర్చీలో, ఆ కళ్ళద్దాలు పెట్టుకొని ముందుకు వంగాడే, అప్పుడతను పొద్దుటి పిలగాడు కాదు. బోనాల నాడు తన పుట్టినూరు వేములపల్లిలో లింగమ్మకు అమ్మవారు పూనేది. నిన్నటి దాకా నల్లా దగ్గర బిందె కోసం కొట్లాడిన లింగమ్మే. అయినా జుట్టు విరబోసుకొని ఊగుతుంటే ఎవరైనా పోయి కాళ్ళ మీద పడి కడుపులో ఉన్నదంతా చెప్పుకుంటారు. తల్లీ నా మొగుడు ఇట్ల, నా కోడలు అట్ల అని. తెల్లారి లింగమ్మ మళ్ళీ లింగమ్మే, చెప్పుకున్న మాట ఎవరూ ఎత్తరు, ఆమె కూడా ఎత్తదు. పూనకంలో అన్నది పూనకంలోనే ఉండిపోతుంది. ఇక్కడా అంతే అనుకుంది యాదమ్మ. వేషం మీదికొచ్చినంతసేపు అతను డాక్టరే, దిగిపోయాక ఏమీ లేదు. చుట్టూ కెమెరాలున్నాయని తెలుసు, బోనాలలో డప్పుల వాళ్ళు కూడా చుట్టూ ఉంటారు, వాళ్ళేమన్నా ఊరంతా చాటింపు వేస్తారా! నిజం డాక్టరై ఉంటే ఆమె నోరు మెదిపేది కాదు. "మీకు ఎప్పుడు నిమ్మళంగా అనిపిస్తది అమ్మా" అని అతను అడిగితే, బియ్యం డబ్బా సంగతి చెప్పింది. అక్కడితో ఆగలేదు. లోపల మోగుతుంటే బియ్యం సన్నగా వణుకుతాయి సారూ, నా తొడలకు తెలుస్తది అంది. ఆగిపోయినంక భయమైతది, గప్పుడు మూత తీసి, బియ్యంల చెయ్యి పెట్టి దేవులాడుత, ఫోన్ దొరికినంక దాన్ని గుండెకు పెట్టుకొని కూసుంట, తిరిగి చేద్దామంటే ధైర్యం రాదు, చేస్తే నా బిడ్డ మళ్ళ గదే మాట అంటది, అమ్మా నాకు బతకబుద్ధి అయితలేదు అంటది, గా మాటకు నా దగ్గర ఏ జవాబు లేదు సారూ, నేను కూరలొండుకునేదాన్ని అంది. లైట్ల పిలగాడు ముక్కు తుడుచుకున్నాడు. డాక్టర్ వేషం ఏడ్చింది. కట్ అన్నారు. తర్వాత అన్నం పెట్టడానికి లేచింది.

టీవీలో మూతతో ఆపేశారు. ఇగ మోగు, ఎంత మోగుతవో మోగు, టింగ్. ఆ తర్వాత డాక్టర్ కళ్ళు పెద్దవి చేసి, నోరు వంకర పెట్టి మనవైపు చూస్తాడు. ఆ చూపు అక్కడిది కాదు. ఆ చూపులో అతని చొక్కా మీద పులుసు మరక లేదు. ఎక్కడిదో తెచ్చి అతికించారు. నిన్న సాయంత్రం కర్రీ పాయింట్‌లో దామోదర్ సారు సొంత ఖర్చుతో పెద్ద టీవీ పెట్టించాడు, తన మిల్లు టీవీలో వస్తుందని. కుర్చీలు చాలక రోడ్డు మీదికి నిలబడ్డారు. యాదమ్మ తెర మీదికి రాగానే ఈలలు. "అబ్బ, మన యాదమ్మనే!" మూతేసి కూర్చుంట అనగానే నవ్వలేక ఒకడు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. దామోదర్ సారు కళ్ళు తుడుచుకుంటూ, "నువ్వు డాక్టర్‌నే మింగేసినవ్ గదనే" అన్నాడు, అని, కాసేపటికి, "అయితే మిర్యాలగూడల అందరు పిచ్చోళ్ళే అన్నట్టు చూపిచ్చిన్రు, గది బాగలేదు" అని ముఖం గంభీరంగా పెట్టాడు. యాదమ్మ కూడా నవ్వింది. అదే ఇప్పుడు గుండెలో ముల్లులా ఉంది. అందరితో కలిసి తానూ నవ్వింది, ఒక నిమిషం పాటు ఎంతో సంతోషపడింది, పెళ్ళికూతురుగా కూర్చున్నప్పుడు కూడా అంతమంది తనను చూడలేదు. మిగతా సగం ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చూసింది. రాలేదు. సబ్బు ప్రకటన వచ్చింది. అప్పుడు తట్టింది లహరి కూడా చూస్తుందని. తానే కదా ఆ ఒక్కసారి ఫోన్ చేసి, లహరిని మాట్లాడనీయకుండా, బిడ్డా నేను టీవీల వస్తున్న, తప్పక చూడు అని చెప్పి పెట్టేసింది. కర్రీ పాయింట్ మూసేసి ఫోన్ను గల్లాపెట్టె మీద పెట్టుకొని కూర్చుంది. రోజూ అదే వేళకు మోగే ఫోన్. మోగలేదు. ఆమె ఎన్ని రోజులు కోరుకుందో అది, మోగకపోవడం, తీరా వస్తే ఇంత చెడ్డగా ఉంటుందని ఎవరు చెప్పారు?

మొదట్లో ఎత్తేది. అట్లా అనుకోవద్దు ఎవరూ. పిల్లాడు పుట్టి కోదాడ పోయినప్పటి నుంచి లహరి రోజూ చేసేది, కూరలు పొయ్యి మీద ఉన్నా యాదమ్మ భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకొని వినేది. అమ్మా పాలు సరిపోతలేవు. అమ్మా వీడు నన్ను చూసి ఏడుస్తడు. అమ్మా నేను మంచిదాన్ని కాదు. అందరికీ గట్లనే ఉంటది బిడ్డా, నీ అప్పుడు నాకూ గట్లనే ఉండె అని అబద్ధం చెప్పేది. లహరి పుట్టినప్పుడు యాదమ్మ ఊరంతా ఎత్తుకొని తిరిగింది. తర్వాత ఆ బతకబుద్ధి మాట వచ్చింది. ఆ మాట విన్న రోజు పప్పు మాడిపోయింది. మర్నాడు పొద్దున్నే కోదాడ పోయి, అత్తకు పిల్లాడి టీకా అని చెప్పి, లహరినీ పిల్లాణ్ణీ తీసుకొని సూర్యాపేట పోయింది. అక్కడ మనసు డాక్టర్ ఉన్నాడని ఎవరో అన్నారు, నిజం బోర్డు, నిజం డాక్టర్. మెట్ల కింద మందుల షాపు. షాపు ముందు కాశీరాం నిలబడి ఉన్నాడు, సావిత్రమ్మ తమ్ముడు, మాట కడుపులో దాగని మనిషి. "ఏందక్కా, గీడెందుకొచ్చిన్రు" అన్నాడు, అంటూ పైకి, బోర్డు వైపు చూశాడు. యాదమ్మ నోరు ఎప్పుడూ ఆలస్యం చేయదు. "గాజులు కొందామని వచ్చినం తమ్మీ" అంది. లహరి ఆమె ముఖంలోకి చూసింది. మెట్లెక్కుదామని చెప్పులు కూడా విడిచిన పిల్ల, మళ్ళీ చెప్పులేసుకుంది. గాజులు కొన్నారు నిజంగానే, ఆకుపచ్చవి. తిరుగు బస్సులో లహరి ఆ గాజుల్ని ఒక్కొక్కటే పైకి కిందికి జరుపుకుంటూ కూర్చుంది. మళ్ళీ సారి పోదాం బిడ్డా అంది యాదమ్మ. మళ్ళీ సారి లేదు. పంట నూర్పిళ్ళు, మిల్లుల్లో హమాలీలకు అన్నాలు, ఊపిరాడలేదు, ఇదంతా సాకు, తనకూ తెలుసు. ఆ కాశీరాం చూపు మళ్ళీ ఎదురవుతుందని భయం. మెట్లు ఎక్కించలేని తల్లి ఫోన్ ఎత్తి మాత్రం ఏం చెబుతుంది? అందుకే డబ్బా. అందుకే మూత.

నేరేడుచర్లలో ఇద్దరు టీచరమ్మలు ఎక్కి ఆమె పక్కనే కూర్చున్నారు. హుజూర్‌నగర్ దాటేసరికి వాళ్ళ పేర్లు నవనీత, ప్రత్యూష అని, ఒకరికి మధ్యాహ్న భోజనం లెక్కలతో తలనొప్పి అని, ఇంకొకరికి హెడ్మాస్టర్‌తో తలనొప్పి అని యాదమ్మకు తెలిసిపోయింది. కిటికీ వైపు ముఖం తిప్పుకొని, పొలాల మీద కళ్ళు పెట్టి కూర్చుంది. పొలాలు నీళ్ళతో నిండి తళతళలాడుతున్నాయి, మనుషులు వంగి నాట్లేస్తున్నారు, వాళ్ళ చేతుల్లో ఫోన్లు లేవు, హాయి. ప్రత్యూష ఫోన్ తీసింది. అదే. బియ్యం డబ్బా అమ్మ. పేరు కూడా పెట్టేశారు. "ఏం చేసిందే ఆమె, అసలు యాక్టింగ్ అనిపియ్యలే" అని ప్రత్యూష ఊగి ఊగి నవ్వింది. "నాకు నవ్వు రాలేదే" అంది నవనీత, "మా స్కూల్ల పిల్లల తల్లులు గిట్లనే చెప్తరు, నవ్వుకుంట. మనసు డాక్టర్ అంటే జోక్ అయిపోయింది, రేపు నిజంగ పోవాల్సినోళ్ళు కూడ పోరు." "అబ్బా, నీకన్నీ పాఠాలే. కామెడీని కామెడీ లెక్క చూడు. పోనీ గిది చూసి నలుగురు పోతరేమో." యాదమ్మకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది, ఇద్దరి మీదా కోపం వచ్చింది. ప్రత్యూష కింద కామెంట్లు చదవడం మొదలుపెట్టింది. మా అమ్మ కూడ సేమ్. డాక్టర్ కన్నా పేషెంటే మస్తుంది. ఈ అక్కకు అవార్డ్ ఇయ్యాలె. ఆ భాష ఏంటండీ, సగం అర్థం కాలేదు, కానీ నవ్వాగలేదు. బియ్యం ఏ రకం అక్కా. ఇలాంటి తల్లులుంటారా ఛీ. ఆ ఛీ దగ్గర యాదమ్మ కిటికీ చువ్వను పట్టుకుంది. ముక్కూ ముఖం తెలియని మనిషి, ఏ ఊళ్ళో కూర్చున్నాడో, ఛీ అన్నాడు. పోనీ వాడే నయం. మిగతావాళ్ళంతా మెచ్చుకున్నారు, మెచ్చుకున్నది ఆ మూతనే.

"గిది చూడవే, అన్నిటికన్న పైనున్నది. దీనికి నవ్వు బొమ్మలు లెక్కలేనన్ని పెట్టిన్రు. ఆ డబ్బల ఫోన్ మోగిచ్చేది నేనే. మోగి మోగి ఆగేదాక చెవికి పెట్టుకునే ఉంట, అని పెట్టింది." ప్రత్యూష మాట పూర్తి చేయలేక నవ్వింది. "జనాలకు ఏం తెలివే బాబూ, ఎంత మంచిగ అల్లిన్రు!" బస్సు గుంతలో పడి లేచింది. ఆగేదాక చెవికి పెట్టుకునే ఉంట. తాను ఇక్కడ మూత మీద కూర్చున్నంతసేపు, బియ్యం వణికినంతసేపు, ఆ పిల్ల అక్కడ చెవికి పెట్టుకొని నిలబడింది. ఇద్దరూ ఒకే మోతను విన్నారు, ఎన్ని సాయంత్రాలో. ఎవరై ఉంటుందిలే, ఏ పిల్లో, నవ్వులాటకు రాసి ఉంటుంది, ఊళ్ళో ఆడపిల్లలకు తల్లులకు ఫోన్లు చేయడం కొత్తా? కాదు. కాదని తెలుసు. తెలిసినా ఒకసారి చూడాలి. కొంగు కింద నుంచి నవనీత మోచేతిని ముట్టుకుంది. "టీచరమ్మా, గది రాసినామె ఫోటో ఉంటదా? జర చూపిస్తవా" అంది, ఎంత నెమ్మదిగా అన్నా గొంతు గొంతే. నవనీత చటుక్కున తిరిగి చూసింది. ఫోన్లో ఆగిపోయిన ముఖాన్ని చూసింది, కొంగు కింది ముఖాన్ని చూసింది. ప్రత్యూష చేతిలోని ఫోన్ తీసుకొని, ప్రత్యూష ఏందే అంటున్నా వినకుండా, యాదమ్మ ఒళ్ళో పెట్టింది. "పేరు లేదమ్మా, బుజ్జిగాడి అమ్మ అని ఉంది. పిల్లగాని ఫోటో." గోరంత బొమ్మ. వేలితో పెద్దది చేసింది నవనీత. చెవులు మూసే ఉన్ని టోపీ, తానే మిర్యాలగూడ అంగట్లో కొని పంపింది. బుగ్గ మీద దిష్టిచుక్క, పెద్దది, ముఖంలో సగం అదే. లహరికి చిన్న చుక్క పెట్టడం ఎప్పుడూ రాదు.

"గిది ఎప్పుడు పెట్టింది?"

"గంట కింద."

గంట కింద. అంటే గంట కిందటి దాకా ఉంది. ఉందమ్మా నా బిడ్డ, ఫోన్ పట్టుకొని, అక్షరాలు వెతుక్కొని, తప్పు లేకుండా రాసింది. యాదమ్మకు ఒక్కసారిగా ఏడుపు వచ్చింది, బస్సులో పదిమంది మధ్య, ఆపుకోలేదు. ఏడుస్తూనే ఆలోచించింది. గంటలో ఏమైనా అవుతుంది. తన ఫోన్ ఎత్తని పిల్ల ఈ కామెంట్లను మాత్రం చూస్తూ ఉంటుందేమో, ఎవరెవరు నవ్వుతున్నారో చూసుకుంటూ. "టీచరమ్మా, దాని కింద నేను చెప్పింది రాస్తవా?" ప్రత్యూషకు అప్పుడు అర్థమైంది. నోటి మీద చెయ్యి పెట్టుకొని, "అక్కా, నేను ఊరికెనే..." అంది. "నువ్వేం చేసినవ్ బిడ్డా, నేనే నవ్విన" అంది యాదమ్మ. ఏం రాయించాలి? కోసేసిన ఆ సగమా? మూత తీసి దేవులాడేదాన్ని అని, గుండెకు పెట్టుకునేదాన్ని అని? దానికి కూడా నవ్వు బొమ్మలు పెడతారు. అది ఎదురుగా కూర్చోబెట్టుకొని, చేతులు పట్టుకొని చెప్పాల్సింది. "బిడ్డా, నేను మీ అమ్మను. బస్సుల ఉన్న. నీ దగ్గరికే వస్తున్న. గంతే రాయి." నవనీత రాసి పంపింది. నిమిషం గడవకముందే దాని కిందా మొదలయ్యాయి, సూపర్ అక్కా అని ఒకరు, పార్ట్ టూ ఎప్పుడు అని ఇంకొకరు, నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకునే పసుపు ముఖాలు వరసగా. ముగ్గురూ ఆ తెర మీదికి వంగి కూర్చున్నారు. ఇంకో ముఖం. ఇంకోటి. ఎవరో రెండు చేతులు జోడించారు. బస్సు ఊగుతోంది, నవనీత వేలు తెరను పైకి జరుపుతోంది. దేవుడా! బిడ్డా, ఒక్క తిట్టు పెట్టు. ఛీ అను, నువ్వు తల్లివే కాదను, ఏదైనా సరే అను.

"వచ్చిందమ్మా" అంది నవనీత. "ఏడి దాక వచ్చినవ్, అని పెట్టింది."

యాదమ్మ కిటికీ లోంచి చూసింది. పొలాలు, ఒక పెట్రోల్ బంకు, మళ్ళీ పొలాలు. ఈ దారిలో ఎన్నిసార్లు పోయిందో, ఏ ఊరో ఒక్కటీ ఆనవాలు తెలియడం లేదు. కొంగు జారి భుజం మీద పడింది. లేచి నిలబడి, పైన కడ్డీ పట్టుకొని, మిర్యాలగూడలో రోడ్డు అవతలికి వినిపించే గొంతుతో కేకేసింది.

"కండక్టర్ సారూ, ఏడి దాక వచ్చినం?"

బస్సంతా తిరిగి చూసింది. వెనక సీటాయన చేతిలో ఫోన్ వంక చూసి, ఆమె వంక చూసి, "అరే, గీమెనే గద!" అన్నాడు. ఎవరో నవ్వారు. పిల్లతల్లి లేచి నిలబడింది చూడటానికి.

"చిలుకూరు దాటినమమ్మా" అన్నాడు కండక్టర్. "పావుగంటల కోదాడ."

"పావుగంటల వస్త అని రాయి టీచరమ్మా. ఇల్లు తాళం వేసుకొని, పిల్లగాన్ని ఎత్తుకొని బస్టాండుకు రమ్మను, గాడ్నుంచి గాడ్నే సూర్యాపేట పోతున్నం, డాక్టర్ దగ్గరికి. ఈసారి మెట్లు ఎక్కుతం అని రాయి. నేను ముందు ఎక్కుత అని రాయి."

నవనీత వేళ్ళు ఆగాయి. "అమ్మా, గిది కామెంట్. లోకమంత చదువుతది. మీ వియ్యపురాలోళ్ళు కూడ చదువుతరు."

"చదవనియ్యి" అంది యాదమ్మ. "నువ్వు రాయి."